కలుపు మాటకు ఏడో అర్థం

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసి ఆఫీసులు మళ్ళీ నిండిన ఏడాది, చైనీస్ కొత్త సంవత్సరం సెలవులు ముగిసిన మర్నాడు, నన్ను ఇంగ్లీషు–ఖ్మేర్ నిఘంటువు జట్టుకు మార్చారు. ఖ్మేర్ అంటే కంబోడియా వాళ్ళ భాష. ఇంగ్లీషు నేర్చుకునే అక్కడి విద్యార్థులు ఫోన్లో వాడుకునే నిఘంటువు అది. మా ఆఫీసు సింగపూర్‌లోని చాంగీ బిజినెస్ పార్కులో, ఒక బ్యాంకు బ్యాక్ ఆఫీసుకు ఎదురుగా, నాలుగో అంతస్తులో ఉండేది. నా హోదా సీనియర్ ఎడిటర్. రిటైర్మెంట్‌కు ఇంకా రెండేళ్ళుంది. రిటైర్ కాబోయేవాళ్ళకు ఉండే నిబ్బరమూ, దాని వెంట వచ్చే పొగరూ రెండూ నాకు నిండుగా ఉండేవి.

మా విభాగానికి పెద్ద గ్రేస్. చైనీస్ ఆవిడ, నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. తోటపనికి సంబంధించిన మాటల కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టి, "విజీ, యూ నర్సరీ గర్ల్ వాట్. ఈజీ లా," అని వెళ్ళిపోయింది. నేను పుట్టింది కడియంలో, మా నాన్నకు పూలమొక్కల నర్సరీ ఉండేది అని ఎప్పుడో మాటల్లో గొప్పగా చెప్పుకున్నాను. ఆ నర్సరీలో నా హోదా ఏమిటన్నది మాత్రం చెప్పలేదు. నేను అక్కడ కలుపు పీకేదాన్ని. అదీ సరిగ్గా పీకడం లేదని తిట్లు తింటూ.

పాఠకులకు మా పని పద్ధతి కొంచెం చెప్పాలి. నిఘంటువులో ఒక్కో మాటనూ ఎంట్రీ అంటాం. ఎంట్రీ కింద ఒక్కో అర్థానికి ఒక్కో నంబరు ఉంటుంది. ఎడిటర్ ఆ అర్థాలన్నీ సులువైన ఇంగ్లీషులో రాసి తాళం వేస్తుంది. అంటే ఆ ఎడిటరే తాళం తీస్తే తప్ప ఆ పాఠం ఇక కదలదన్నమాట. తాళం పడ్డాక కట్ట అనువాదకుల దగ్గరికి వెళ్తుంది. వాళ్ళు ఇంగ్లీషులో అక్షరం ముట్టుకోకూడదు. సందేహం వస్తే ప్రశ్నల పట్టికలో రాయాలి. ఎడిటర్ జవాబు రాసి ప్రశ్నను మూసేయాలి. మూసిన ప్రశ్న అనువాదకుల తెర మీది నుంచి మాయమై పాత ఫైళ్ళలోకి పోతుంది. దాన్ని మళ్ళీ తెరిచే అధికారం ఆ ఎడిటర్‌కే ఉంటుంది. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి, నా కొంప ముంచబోయింది అదే.

ఖ్మేర్ అనువాదకురాలి పేరు బొఫా. యాభై దాటిన మనిషి. కంబోడియాలో బడిపంతులమ్మగా చేసి, ఇక్కడి అతన్ని పెళ్ళాడి హౌగాంగ్‌లో స్థిరపడింది. బొఫా అంటే వాళ్ళ భాషలో పువ్వు. మన పుష్పమే అటూ ఇటూ తిరిగి అలా అయింది. వృక్షజాతిని వాళ్ళు రుక్ఖచ్యాత్ అంటారని చెప్పినప్పుడు, తప్పిపోయిన చుట్టం దొరికినంత సంబరపడ్డాను. పరిచయమైన రెండో వారానికే ఆమె నన్ను బాంగ్ అని పిలవడం మొదలుపెట్టింది. అక్కనైనా అన్ననైనా వాళ్ళు అలాగే అంటారు. మేమిద్దరం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే అయినా, ఆ ఒక్క మాట మాత్రం ఆమె ఖ్మేర్‌లోనే అనేది.

కట్టలో అన్నిటికంటే మామూలు మాట వీడ్. మన కలుపు. అరగంట పని అనుకున్నాను. దానికి ఆరు అర్థాలు తేలాయి. మొదటిది అక్కర్లేని చోట మొలిచిన మొక్క. ఖ్మేర్‌లో స్మౌ అంటే చాలదా అని నేనంటే, స్మౌ అంటే వట్టి గడ్డి, పశువు మేసేది కూడా అదేనంది బొఫా. తిట్టి చెప్పాలంటే స్మౌ చొంగ్రై అనాలట. చొంగ్రై అంటే అశుభమైన, దరిద్రపుగొట్టు అని. నర్సరీలో మా నాన్న కలుపును చూసి వాడే విశేషణం కూడా సరిగ్గా అదే. ఇక్కడ మా ఇద్దరికీ పెద్ద చర్చే జరిగింది. మేము కుండీల్లోంచి పీకి పారేసిన గంగవాయిలిని అమ్మ ఏరుకొచ్చి పప్పులో వేసేది. వాళ్ళమ్మ కూడా పొలం గట్ల మీద మొలిచిన ఆకులు కోసుకొచ్చి పులుసు పెట్టేదట. అందుకని ఏది కలుపో తేల్చేది తోటమాలి కాదు, వంట చేసేదని ఇద్దరం ఒప్పుకున్నాం. నిఘంటువులో అలా రాయడానికి వీల్లేదు గనుక స్మౌ చొంగ్రై ఖాయం చేశాం.

రెండో అర్థం కలుపు తీయడం. ఖ్మేర్‌లో డాక్ స్మౌ, అంటే గడ్డి పీకడం. మూడోది ఒక గుంపులోంచి పనికిరానివాళ్ళను ఏరేయడం. నాలుగోది గాలేస్తే పడిపోయే బక్కప్రాణి. దానికి ఆమె ఖ్సావోయ్ అని బలహీనుడనే మాట వేసి, ఒళ్ళు కాదు గుండె బలహీనమని పక్కన విప్పి రాసింది. అయిదోది గంజాయి. వాళ్ళూ కంఛా అంటారు, పెద్ద కష్టం లేదు. కానీ గంజాయికి కఠినశిక్షలుండే సింగపూర్‌లో కూర్చుని ఆ మాటకు ఉదాహరణ వాక్యం రాయడం కత్తి మీద సాము. చివరికి "అది చట్టవిరుద్ధం" అనే వాక్యంతో సరిపెట్టాం. ఆరోది ఎవరూ ఊహించనిది. భర్త పోయిన స్త్రీ కట్టుకునే సంతాపపు బట్టలు. పాతకాలపు వాడుక, అయినా పుస్తకాల్లో తగులుతుంది.

ఇప్పుడు దిష్టిబొమ్మ గురించి చెప్పాలి. నిఘంటువులు చేసేవాళ్ళకు దొంగల బెడద ఎక్కువ. అర్థాలకు అర్థాలు ఎత్తుకుపోయి తమవేనని అమ్ముకునేవాళ్ళుంటారు. వాళ్ళను పట్టుకోడానికి మేము అక్కడక్కడ ఒక బూటకపు అర్థం నిలబెడతాం. అది వేరేవాళ్ళ నిఘంటువులో కనిపించిందంటే దొంగ దొరికినట్టే. ఆఫీసులో దీనికేదో ఇంగ్లీషు పేరుండేది. నేను దిష్టిబొమ్మ అనడం మొదలుపెట్టాక అందరికీ అదే అలవాటైంది. గ్రేస్ కూడా "దిష్టి పుట్ ఆల్రెడీ ఆర్ నాట్?" అని అడిగేది. దీనికి రెండు నియమాలు. ఒకటి, ఏం నిలబెట్టామో కాగితం మీద రాసి, కవరులో పెట్టి, సీలు వేసి గ్రేస్‌కు ముందే ఇవ్వాలి. రెండు, అనువాదాలన్నీ తిరిగొచ్చాకే ఇంగ్లీషు ప్రతిలో నిలబెట్టాలి. లేకపోతే పాపం అనువాదకులు దాన్ని నిజమనుకుని తలకాయలు బద్దలుకొట్టుకుంటారు.

ఆ కట్టలో దిష్టిబొమ్మ పెట్టే వంతు నాది. వీడ్ మాట కింద ఏడో అర్థంగా ఇది రాశాను: "పిలవకుండా భోజనానికి వచ్చి, తిన్నాక వంటకు వంక పెట్టేవాడు."

దీనికి ప్రేరణ మా మరిది వరస సుబ్బారావు. మా వారి పినతండ్రి కొడుకు. సెంగ్‌కాంగ్‌లోనే, మా ఫ్లాట్‌కు ఎల్ఆర్టీ రైల్లో రెండు స్టాపుల దూరంలో ఉంటాడు. ఆదివారం మధ్యాహ్నం కుక్కర్ దించే వేళకు "అన్నయ్య ఉన్నాడా వదినా?" అంటూ దిగుతాడు. అన్నయ్య ఎక్కడికీ పోడని ఆయనకూ తెలుసు. పిలవని పేరంటానికి వచ్చినవాళ్ళు కనీసం తాంబూలం పుచ్చుకుని నోరు మూసుకుంటారు. సుబ్బారావు మూడుసార్లు అన్నం పెట్టించుకుని, చెయ్యి కడుక్కుంటూ, "పులుసులో ఉప్పు తక్కువైంది వదినా," అంటాడు. "మీ అన్నయ్యకు బీపీ, మా ఇంట్లో అంతే," అని నేను ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పేదాన్ని. పదేళ్ళుగా ఆయన మాట ఆయనదే, నా జవాబు నాదే.

ఆ వాక్యం రాశాక నా మీద నాకే ముచ్చటేసింది. ఇంత చక్కటి అర్థం ఇంగ్లీషుకు ఇన్నాళ్ళూ ఎందుకు లేదా అనిపించింది. అనువాదాలు వచ్చేదాకా ఆగాలన్న నియమం గుర్తుంది. అయినా ఆగలేకపోయాను. వాక్యాన్ని అక్కడ పెట్టి ఒకసారి చూసుకుందామని పెట్టాను. చూసుకున్నాను. ఆ మురిపెంలోనే కట్టకు తాళం వేసి పంపేశాను. కవరూ సీలూ నెలాఖరుకు చూసుకోవచ్చనుకున్నాను.

పది రోజులకు గుర్తొచ్చింది. నాలిక కరుచుకుని, తాళం తీసి, ఇంగ్లీషు ప్రతిలోంచి ఏడో అర్థాన్ని పీకేసి, మళ్ళీ తాళం వేశాను. పీడ వదిలిందనుకున్నాను. కడియంలో నన్ను తిట్టింది ఇందుకే. పైన తెంపి కింద వేరు వదిలేసేదాన్ని. బొఫా దగ్గరికి వెళ్ళిన ప్రతిలో అది అలాగే ఉందన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

బొఫాకు మాత్రం అప్పుడే అనుమానం వచ్చింది. ప్రశ్నల పట్టికలో నలభై ఒకటో ప్రశ్నగా రాసింది. "ఈ ఏడో అర్థం నా దగ్గరున్న ఏ పుస్తకంలోనూ లేదు. ఎక్కడైనా వాడిన ఆధారం ఉంటే చూపించగలరా?" అని. ఇంత సూటిగా అడిగిన ప్రశ్న మా ఆఫీసులో అరుదు. నేను దాన్ని చదవలేదు.

ఎందుకు చదవలేదో చెప్పడానికి సిగ్గుగానే ఉంది. శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకల్లా నా ప్రశ్నల పట్టిక ఖాళీగా ఉండాలని నా నియమం. అలా ఏడాది పొడుగునా ఖాళీగా ఉంచినందుకు ఆఫీసు వాళ్ళు గాజు ఫలకం మీద నా పేరు చెక్కించి ఇచ్చారు. దాన్ని బల్ల మీద, వచ్చేపోయేవాళ్ళకు కనిపించే వైపు తిప్పి పెట్టుకున్నాను. ఆ ఫలకం వెనక రహస్యం ఒక్కటే. మిగిలిపోయిన ప్రశ్నలన్నిటినీ ఒకేసారి ఎంచుకుని, "మూలంలో ఉన్నట్టే చేయండి" అనే తయారు జవాబును ఒక్క మీటతో అన్నిటికీ అంటించేదాన్ని. ఆ శుక్రవారం అలా అరవై మూశాను. నలభై ఒకటోది అందులో పోయింది.

బొఫా పంతులమ్మ. పై అధికారి చేయమంటే చేస్తుంది. ఏడో అర్థానికి ఖ్మేర్‌లో ఒక్క మాట దొరక్క, బుద్ధిగా ఒక వాక్యం కూర్చి పంపింది.

నెల తర్వాత నాణ్యత పరీక్ష జరిగింది. అది చేసేది నరేశ్. కరీంనగర్ వైపు అతను, ముప్పై అయిదేళ్ళుంటాయి, చాలా శ్రద్ధగల మనిషి. ఆ శ్రద్ధతో ఎదుటివాళ్ళకు తలనొప్పి తెప్పించగలడు. అతనికి ఖ్మేర్ రాదు, రానక్కర్లేదు. రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి, అర్థాల నంబర్లు సరిపోయాయో లేదో చూడడం అతని పని. ఆ రోజు మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"మేడం, జర ఇటు చూడున్రి. ఇంగ్లీషుల ఆరే ఉన్నయ్. ఖ్మేర్ల ఏడున్నయ్. ఆమె ఒకటి సొంతంగ పుట్టించి పెట్టింది!"

మెషీన్ అనువాదంలో చూశాడట, ఆ వాక్యం నాకు చదివి వినిపించాడు. పిలవని భోజనం, వంటకు వంక. ఇంగ్లీషు నుంచి ఖ్మేర్‌కు వెళ్ళి మళ్ళీ ఇంగ్లీషుకు వచ్చినా సుబ్బారావు చెక్కుచెదరలేదు. నాకు దొంగకు తేలు కుట్టినట్టయింది.

లేని అర్థాన్ని కల్పించడం మా వృత్తిలో అన్నిటికంటే పెద్ద నేరం. పొరపాటుకు దిద్దుబాటు ఉంటుంది, ఆలస్యానికి మందలింపు ఉంటుంది. కల్పనకు మాత్రం అనువాదకుల జాబితాలోంచి పేరు కొట్టేయడమే. ఖ్మేర్ అనువాదకులు ఈ ఊళ్ళో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. ఒకచోట ఆ ముద్ర పడితే అన్ని ఏజెన్సీలకూ తెలుస్తుంది. అదీగాక ఆ నిఘంటువు చివరి పేజీలో అనువాదకురాలిగా బొఫా పేరు వేయాలని అప్పటికే నిర్ణయమైంది. ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నా ఆమె పేరు పడబోయేది అదే మొదటిసారి. కంబోడియాలో తను పాఠాలు చెప్పిన పిల్లలు ఇప్పుడు పంతుళ్ళయ్యారనీ, వాళ్ళ ఫోన్లలో తన పేరు కనిపిస్తుందనీ నాతో ఒకసారి అంది.

గ్రేస్ సోమవారం తన గదిలో మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టింది. నరేశ్ తెరమీద రెండు ప్రతులూ చూపించాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం మనవాళ్ళ లక్షణం అంటారు. నేను తడుముకోలేదు. చేతులు బల్ల కింద పెట్టుకుని కూర్చున్నాను. "ఇంతకుముందెప్పుడూ ఇలా చేయలేదు, నేను మాట్లాడి చూస్తాను," అన్నాను. ఈ రెండు ముక్కల్లో ఒక్క అబద్ధమూ లేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. గ్రేస్ "షి మస్ట్ ఎక్స్‌ప్లెయిన్ బై ఫ్రైడే. రూల్ ఈజ్ రూల్ లా," అని బొఫాకు సంజాయిషీ నోటీసు పంపించింది.

తర్వాతి రెండు రోజులు నేను వేసిన వేషాలు ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు. మొదట లైబ్రరీకి వెళ్ళి, వీడ్ మాటకు ఎక్కడో ఏదో మారుమూల యాసలో అలాంటి అర్థం ఉండకపోతుందా అని పాత నిఘంటువులన్నీ తిరగేశాను. నేను పుట్టించిన బిడ్డకు తండ్రిని వెతుక్కుంటూ తిరిగాను. దొరకలేదు. తర్వాత ఇది కంబోడియా పల్లెటూళ్ళ వాడుకేమో, ఆమె ఉత్సాహంకొద్దీ చేర్చిందేమో అని గ్రేస్ దగ్గర గొణిగాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక నాకే అసహ్యమేసింది. కాపాడతానని బయల్దేరి ఆమె మెడకు ఇంకో ముడి వేశాను. ఏడ్చినట్టుంది నా తెలివి. నరేశ్ అయితే ప్రశ్నల పట్టిక చూద్దామన్నాడు. మూసిన ప్రశ్నలు తెరవాలంటే నా అనుమతి కావాలి. చూసి చెబుతానన్నాను. చూశాను. నలభై ఒకటో ప్రశ్న, దాని కింద నా జవాబు, పక్కనే నా పేరు ఉన్నాయి. అతనికేమీ చెప్పలేదు.

గురువారం మధ్యాహ్నం బొఫా ఫోన్ చేసి, వీలైతే హౌగాంగ్ రమ్మంది. తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో, ఫ్యాను కింద ఒక బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసి ఉంచింది. అంటే ఈ బల్ల మాదని గుర్తు పెట్టడం. ఈ ఊళ్ళో ఆ కాగితం ప్యాకెట్టుకు ఉన్న మర్యాద మనిషికి ఉండదు. నేను కూర్చోగానే కాఫీ తెచ్చిపెట్టి, "థాంక్యూ ఫర్ కమింగ్, మేడం," అంది.

మేడం అంది. బాంగ్ అనలేదు. 

సంచిలోంచి ఒక రూళ్ళ నోటుపుస్తకం తీసింది. ఆమె అడిగిన ప్రతి ప్రశ్నా, దానికి వచ్చిన ప్రతి జవాబూ, తేదీతో సహా చేత్తో రాసి పెట్టుకుంది. బడిలో ఉన్నప్పటి అలవాటట. నలభై ఒకటో ప్రశ్న దగ్గర పేజీ తిప్పి నా వైపు జరిపింది. శుక్రవారం, నాలుగు గంటల పన్నెండు నిమిషాలు. మూలంలో ఉన్నట్టే చేయండి. దాని పైన నలభై, దాని కింద నలభై రెండు, నలభై మూడు. అన్నిటికీ అదే జవాబు, అదే పన్నెండో నిమిషం.

"మేడం, ఇవి చదివే రాశారా?" అని అడిగింది.

కోపంగా అడిగితే బాగుండేది. పిల్లవాడు ఇంటి లెక్క సొంతంగా చేశాడో లేదో తెలుసుకోవాలనుకున్న పంతులమ్మలా అడిగింది. చదవలేదన్నాను. ఏడో అర్థం ఎక్కడిదంది. నేనే రాశానన్నాను. దిష్టిబొమ్మ సంగతీ, తొందరపడి పెట్టిన సంగతీ, తర్వాత పీకేసిన సంగతీ చెప్పాను. సుబ్బారావు సంగతి కూడా చెప్పాను, అక్కడ కొంచెం నవ్వింది. 

మరి ఈ పుస్తకం ముందే గ్రేస్‌కు పంపించి ఉంటే నోటీసు అప్పుడే రద్దయ్యేది కదా అన్నాను. ఆమె నోటుపుస్తకం మూస్తూ, "మీరు పెద్దవాళ్ళు. మీ పేరుంది అందులో. మిమ్మల్ని అడగకుండా ఎలా పంపిస్తాను?" అంది. రేపు ఉదయం పదింటికి సంజాయిషీ ఇవ్వాలనీ, ఆ లోపల ఏం చేయమంటారో చెప్పమనీ అడిగింది. నేను తొమ్మిదింటికల్లా ఆఫీసులో ఉంటానని చెప్పి లేచాను.

శుక్రవారం తొమ్మిదికి గ్రేస్ గదిలో, నరేశ్‌ను కూడా పిలిపించి, మూసిన ప్రశ్నల ఫైలు తెరిచి తెరమీద పెట్టాను. తాళం తీసిన రోజు, మళ్ళీ వేసిన రోజు, రెండూ చూపించాను. కవరు ఇవ్వలేదని చెప్పాను. సోమవారం ఇదే గదిలో తెలిసీ నోరు మెదపలేదని కూడా చెప్పాను.  గ్రేస్, "యూ పుట్ దిష్టి, దిష్టి క్యాచ్ యూ," అంది. నరేశ్ మాత్రం, "గట్ల ముందే చెప్పకపోతిరి మేడం? పాపం ఆమె మీద నేను రెండు పేజీల రిపోర్టు రాస్తి," అని నిజంగానే బాధపడ్డాడు. 

పదిన్నరకు బొఫాకు క్షమాపణ లేఖ వెళ్ళింది. ఒకటి గ్రేస్ రాసింది, ఇంకోటి నేను రాశాను. నిఘంటువు చివరి పేజీలో ఆమె పేరు ఉంచి, ఎడిటర్ల వరుసలోంచి నా పేరు తీసేశారు. గాజు ఫలకం నేనే సొరుగులో పెట్టేశాను. వీటికి తోడు గ్రేస్ ఒక శిక్ష వేసింది. ఆ ఒక్క మీటతో మూసిన అరవై ప్రశ్నలూ మళ్ళీ తెరిచి, ఒక్కొక్కటీ చదివి, సొంత మాటల్లో జవాబు రాయమంది.

మూడు రోజులు పట్టింది. వాటిలో పదకొండు చోట్ల బొఫా చెప్పిందే ఒప్పు, తప్పు మా ఇంగ్లీషుది. ఒకచోట, కలుపు తీయడానికి మేమిచ్చిన ఉదాహరణ వాక్యం "ఆమె క్యారెట్లు వీడ్ చేసింది" అని ఉంది. ఇది చదివిన కంబోడియా పిల్లలు ఆవిడ క్యారెట్లు పీకేసిందనుకుంటారు, క్యారెట్ల మధ్య కలుపు అని విప్పి రాయవచ్చా అని అడిగింది. ఇంకోచోట, సంతాపపు బట్టలు అని మాత్రమే రాస్తే తమ పిల్లలు తెల్లబట్టలు అనుకుంటారనీ, తమ దగ్గర చావుకు తెలుపే కడతారనీ, ఇంగ్లీషువాళ్ళవి నల్లవని ఒక్క మాట చేరిస్తే బాగుంటుందనీ రాసింది. వీటన్నిటికీ నేను మూలంలో ఉన్నట్టే చేయమన్నాను. నలభై ఒకటో ప్రశ్న గొడవ రాకపోతే పదకొండు తప్పులూ అలాగే బయటికి వెళ్ళేవి. పిల్లలు వాటిని బట్టీపట్టేవాళ్ళు.

అన్నీ దిద్ది పంపాక ఆమె దగ్గర్నుంచి ఒక్క వాక్యం వచ్చింది. అరవై జవాబులూ నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నానని. చివర "థాంక్యూ, బాంగ్" అని ఉంది. ప్రింటు తీసుకున్నాను, ఇప్పటికీ ఉంది.

ఈ వ్యవహారం వల్ల నేను నేర్చుకున్నవి రెండు. బూటకపు అర్థం పెట్టేవాళ్ళు, పెట్టకముందే కవరు మీద సంతకం చేయాలి. ప్రశ్నను మూసేముందు చదవాలి. రెండోది మొదటిదానికంటే కష్టం, ఎందుకంటే చదివితే కొన్నిసార్లు మనదే తప్పని తేలుతుంది.

ఆ ఆదివారం సుబ్బారావు మామూలుగానే వచ్చాడు. మూడుసార్లు పెట్టించుకుని తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "పులుసులో ఉప్పు తక్కువైంది వదినా," అన్నాడు. బీపీ సంగతి నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, వంటింట్లోకి వెళ్ళి గరిటెడు పులుసు చేతిలో వేసుకుని రుచి చూశాను. అసలు ఉప్పే వేయలేదు.